తుపాను, వరదలకు ముందే గట్టు మీద చెట్లు: తెనాలి, బాపట్ల, రేపల్లె రైతులకు సూచనలు

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. పనల మీద ఉన్న వరి, కుప్ప వేసిన వరి, ఇంకా కోయని వరి ఏదీ తడవకుండా మిగల్లేదు. తొమ్మిది నెలలు తిరక్కముందే, 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు లంకల్లో అరటి, పసుపు, కంద నీళ్లలో నిలబడిపోయాయి.

ఇలాంటప్పుడు అందరం పంట నష్టం గురించే మాట్లాడతాం. అది సహజమే. కానీ పంట నష్టం లెక్క తేలేలోపు ఇంట్లో వారం పది రోజులు గడవాలి. కరెంటు ఉండదు. గ్యాస్ బండ అయిపోతే బండి రావడానికి దారి ఉండదు. గడ్డివాము అడుగు దాకా తడిసి రెండో రోజుకే వాసన వేస్తుంది. చూడి గేదెకు, పాలిచ్చే గేదెకు ఏం వేయాలో తోచదు. పొట్లాలు, పాల ప్యాకెట్లు మనుషులకు వస్తాయి. గొడ్లకు మేత లారీ వచ్చేది చాలా ఆలస్యంగా, అదీ రోడ్డు పక్క ఊళ్లకే.

ఆ పది రోజులకు కావలసిన మేత, వంటచెరకు, కొంత తిండి, పాక నిలబెట్టుకునే కర్ర మీ గట్టు మీదే ఉండేలా ఇప్పటి నుంచే చూసుకోవచ్చు. ఏ నేలకు ఏ చెట్టు, ఏ వైపు గట్టు మీద, ఇంటికి ఎంత దూరంలో అన్నదే ఇక్కడ అసలు విషయం. తప్పు చెట్టు తప్పు చోట ఉంటే అదే ప్రమాదం.

చెట్టు షెల్టరుకు బదులు కాదు

ముందే ఈ మాట చెప్పుకోవాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచింది. నదికి ఇవతల ఉన్న రేపల్లె, బాపట్ల తీరం కూడా దెబ్బతింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది వరకు చనిపోయారు. తాటిచెట్టు పట్టుకుని, ముళ్లచెట్లలో చిక్కుకుని బతికినవాళ్ల సంగతులు ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాతే తీరం వెంట సరుగుడు పెంచే పని పెద్ద ఎత్తున సాగింది.

1999లో ఒడిశాలో వచ్చిన పెను తుపాను తర్వాత కేంద్రపాడా జిల్లాలో 400కు పైగా గ్రామాల వివరాలను పరిశోధకులు పరిశీలించారు. సముద్రానికి, ఊరికి మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట ప్రాణనష్టం తక్కువగా ఉందని తేలింది. అయితే మడ అడవి కాపాడినవారి కంటే ముందస్తు హెచ్చరికతో ఊరు ఖాళీ చేసి బతికినవారే ఎక్కువని కూడా ఆ పరిశోధనే చెప్పింది. కాబట్టి హెచ్చరిక వస్తే షెల్టరుకు వెళ్లాల్సిందే. చెట్లు ఉపయోగపడేది తిరిగి ఇంటికి వచ్చాక.

గాలి ఏ వైపు నుంచి వస్తుంది?

తుపాను ఇంకా సముద్రంలో ఉండగా మన ప్రాంతానికి గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. తీరం దాటేటప్పుడు తుపాను కేంద్రానికి ఉత్తరంగా ఉన్న ఊళ్లకు తూర్పు, ఆగ్నేయపు గాలి తగులుతుంది. దక్షిణంగా ఉన్న ఊళ్లకు పడమర, వాయవ్యం నుంచి తగులుతుంది. ఎక్కడ తీరం దాటుతుందో మనం ముందే ఎంచలేం. నాలుగు గట్ల మీదా చెట్లు వేసేంత చోటు చిన్న రైతుకు ఉండదు. ఉత్తరం, తూర్పు గట్లతో మొదలుపెడితే ఎక్కువ సందర్భాల్లో ఉపయోగం ఉంటుంది.

ఉత్తరపు గట్టుకు ఇంకో లాభం ఉంది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఆ చెట్ల నీడ మీ చేలో పడదు. పక్కవారి చేలో పడుతుంది. మొక్క పెట్టే ముందే వారితో ఒక మాట అనుకోండి. చెట్టు పెరిగాక వచ్చే తగవు కంటే ఇది తేలిక.

చెట్ల వరుస గోడలా దట్టంగా ఉండకూడదు. గాలిని పూర్తిగా ఆపేస్తే అది పైనుంచి దూకి వెనక వైపు సుడి తిరిగి పంటను ఇంకా పడగొడుతుంది. సగం గాలిని పోనిచ్చి, సగాన్ని ఆపే వరుస మంచిది. అలాంటి వరుస తన ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. చదరంగా ఉన్న ఎకరం చేలో ఒక్కో గట్టు 64 మీటర్లు ఉంటుంది. అంటే ఆరు మీటర్ల ఎత్తు చెట్ల వరుస ఒకటి ఎకరానికి సరిపోతుంది. తుపాను కేంద్రం నెత్తి మీద నుంచే పోతే ఏ వరుసా పంటను నిలబెట్టదు. వంద కిలోమీటర్ల అవతల తీరం దాటిన తుపాను గాలికే మన వరి, అరటి ఎక్కువసార్లు పడిపోతుంటాయి. ఈ వరుస అక్కరకు వచ్చేది అలాంటప్పుడే.

తెనాలి వైపు: నల్లనేల, కాలువలు, లంకలు

ఇక్కడ అరటి తోటే ముందు నేలపాలవుతుంది. తోట చుట్టూ అవిశ ఒకటి రెండు వరుసలు వేయడం పాత పద్ధతే. తమలపాకు తోటలు ఉన్న ఊళ్లలో తీగ పాకించడానికి అవిశ వేస్తారు కాబట్టి విత్తనానికీ కొరత ఉండదు. గింజ నేరుగా గట్టు మీద మీటరు దూరాన విత్తుకోవచ్చు. ఏడాదిలోనే మనిషి ఎత్తు దాటుతుంది. అవిశ పెళుసు చెట్టు, పెద్ద గాలికి కొమ్మలు విరుగుతాయి. విరిగిన కొమ్మ మేతకు పోతుంది కాబట్టి పూర్తి నష్టం కాదు. కొద్ది రోజులు నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది. మునగ, బొప్పాయి తట్టుకోవు, వేళ్లు కుళ్లిపోతాయి. నల్లనేలలో మునగ పెట్టాలంటే అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద పెట్టండి. ఇంటి పెరట్లో అయితే ఇంకా మంచిది.

అవిశల మధ్య ఏడెనిమిది మీటర్లకు ఒక కొబ్బరి మొక్క చొప్పున పెడితే ఎకరం గట్టుకు ఎనిమిది చెట్లు వస్తాయి. అవిశ కొన్నేళ్లకే ముదిరిపోతుంది. అప్పటికి కొబ్బరి అందుకుంటుంది.

లంక భూముల్లో ఇంకో జాగ్రత్త కావాలి. చెట్ల వరుస వరద పారే దిశకు అడ్డంగా ఉంటే కొట్టుకొచ్చిన చెత్త, గుర్రపుడెక్క అంతా అక్కడే ఆగి నీళ్లు ఎగదన్నుతాయి. వరుసలు నది పారే దిశలోనే ఉండాలి. కరకట్ట మీద మాత్రం మొక్క పెట్టవద్దు. అది ప్రభుత్వానిది కావడం ఒక కారణం. పెద్ద చెట్టు వేళ్లతో సహా ఒరిగితే కట్టలో గుంత పడి, అక్కడి నుంచే గండి మొదలవడం అంతకంటే పెద్ద కారణం.

బాపట్ల వైపు: ఇసుక నేలలు

ఈ తీరపు ఇసుకలో సరుగుడును మించింది లేదు. వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తీసుకుంటుంది కాబట్టి సారం లేని ఇసుకలోనూ పెరుగుతుంది. ఉప్పుగాలిని తట్టుకుంటుంది. నాలుగైదేళ్లకు కోతకు వస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, రేటు బాగుందని తోట మొత్తం ఒక్కసారే కొట్టేస్తారు. ఆ ఏడాదే తుపాను వస్తే వెనక ఉన్న వేరుశనగ, జీడిమామిడి, ఇల్లు అన్నీ గాలికి ఎదురుగా నిలబడతాయి. సముద్రం వైపు రెండు మూడు వరుసలను వేరుగా లెక్కపెట్టుకోండి. మిగతా తోట కొట్టిన ఏడు వాటి జోలికి పోవద్దు. కొత్త మొక్కలు మనిషి ఎత్తు దాటాక వాటిలో ఒక్కో వరుస తీసి మళ్లీ నాటుకోండి.

నాటిన మొదటి వేసవిలో నీళ్లే సమస్య. ఇసుక కింద ఉప్పునీటి మీద తేలుతున్న పలుచని మంచినీటి పొరను దొరువుల ద్వారా వాడుకోవడం ఈ ప్రాంతంలో తరాల నాటి అలవాటు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువులను మెరుగుపరిచి, నీళ్లు నెమ్మదిగా తోడే పద్ధతి రూపొందించింది. పెద్ద మోటారు పెట్టి ఒక్కసారిగా లాగితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. మొక్కకు కుండెడు నీళ్లు చాలు. అడుగున చిన్న చిల్లు పెట్టి గుడ్డపీలిక దోపిన పాత కుండను మొక్క పక్కన పాతి, నాలుగైదు రోజులకు ఒకసారి నింపితే మొదటి ఏడు గడుస్తుంది. దొరువు ఒడ్డున తాటి, వట్టివేరు ఉంటే గాలికి ఇసుక కొట్టుకొచ్చి పూడిపోదు. ఉప్పెన నీళ్లు పడిన దొరువును మాత్రం తోడి పోసి, వానలకు తేరుకునేదాకా తాగడానికి, మొక్కలకు వాడవద్దు.

రేపల్లె వైపు: ఉప్పు, మురుగు

రేపల్లె, నిజాంపట్నం మండలాల్లో తీరం వెంట మడ అడవులున్నాయి. అవి అటవీ శాఖవి. వంటచెరకు కోసం వాటిని కొట్టడం అంటే ఊరికి ముందున్న అడ్డు తీసేయడమే. సొంత గట్ల మీద వంటచెరకు పెంచుకుంటే ఆ అవసరం తగ్గుతుంది.

ఉప్పు తేలే నల్లనేలలో గంగరావి, కానుగ, తాటి, ఈత నిలుస్తాయి. గంగరావి కొమ్మ నాటితేనే బతుకుతుంది. ఆకు మేకలు, గొడ్లు తింటాయి, కర్ర గట్టిది. కానుగ ఆకు గొడ్లు ముట్టవు, కానీ పచ్చిరొట్ట ఎరువుకు పనికొస్తుంది. ఉప్పునీళ్లు నిలిచిన చేలో మంచినీళ్లు పెట్టి రెండు మూడుసార్లు తీసేసిన తర్వాత జీలుగ విత్తుకుని కలియదున్నాలి. జీలుగ విత్తనం ఆ సమయానికి దొరక్కపోతే కానుగ, గ్లైరిసీడియా రొట్ట తొక్కించవచ్చు. మురుగు తీయని చోట ఏ మొక్కయినా దిబ్బ మీదే పెట్టాలి. చెరువుల రైతులు ఆకు రాలి నీళ్లు పాడవుతాయంటారు. ఆ మాట నిజమే. వారు గట్టుకు కొబ్బరితో సరిపెట్టుకోవచ్చు.

గేదెకు పదిహేను రోజుల మేత

పాలిచ్చే గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత కావాలి. అందులో మూడో వంతు వరకు చెట్ల ఆకు వేయవచ్చు, అంటే ఎనిమిది పది కిలోలు. అవిశ చెట్టుకు ఒక కోతకు రెండు కిలోల లెక్కన తక్కువగా వేసుకున్నా, 64 మీటర్ల గట్టు మీది 60 చెట్లు 120 కిలోలు ఇస్తాయి. ఒక గేదెకు రెండు వారాలు వస్తుంది. దానితో పాటు వాము పైభాగంలో పొడిగా ఉన్న గడ్డి, ఉంటే గుప్పెడు తవుడు కలిపితే గొడ్డు నీరసించదు.

సుబాబుల్ ఆకు కూడా బలమైనదే. దానిలో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మూడో వంతు దాటనివ్వవద్దు. గుర్రాలకు అసలే వేయవద్దు. గ్లైరిసీడియాను చాలా గొడ్లు మొదట వాసన చూసి వదిలేస్తాయి. కోసి పూట వాడబెట్టి, ఇతర మేతలో కొద్దికొద్దిగా కలిపి ముందు నుంచే అలవాటు చేయాలి. తుపాను రోజున కొత్త మేత పెడితే గేదె మూతి తిప్పుకుంటుంది. సెప్టెంబరు నుంచే వారానికి రెండుసార్లు చెట్ల ఆకు రుచి చూపించండి.

అవిశను మొత్తం దూసేయవద్దు. మొదలు నరికితే సరిగా చిగురించదు. పైన నాలుగు కొమ్మలు ఉంచి కోయండి. బూజు పట్టిన గడ్డి మాత్రం ఎంత కొరతలో ఉన్నా వేయవద్దు. చూడి గేదెలు ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది.

నేలలోపల ఉండే తిండి

తిండి గురించి చెప్పేటప్పుడు తాటిని అందరం మరిచిపోతాం. తాటిపండ్లు రాలేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. ఆ టెంకలను మెత్తటి నేలలో పాతరేస్తే మూడు నాలుగు నెలలకు తేగలు వస్తాయి. మన తుపానుల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. మిగతా తిండి అంతా గాలికి, వానకు పోయే రోజుల్లో ఇది మట్టికింద భద్రంగా ఉంటుంది. రెండు వందల టెంకల పాతరకు రెండు గజాల చోటు చాలు. నీళ్లు నిలవని మెరకలో, ఇసుక కలిసిన మట్టిలో వేయండి. తేగలను తప్పకుండా ఉడకబెట్టి గానీ కాల్చి గానీ తినాలి. తినగా మిగిలిన టెంకలు నాలుగు గట్టు మీద వేస్తే మొక్కలవుతాయి. తాటి కాపుకు రావడానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. అందుకే ఎవరూ నాటరు, ఉన్నవి కొట్టి ఇటుక బట్టీలకు అమ్ముతారు. ఇది మాకు నచ్చని వ్యాపారం.

కొబ్బరి, మునగాకు, అవిశాకు, పెరట్లో ఒక చింతచెట్టు ఉంటే బియ్యం ఉన్న ఇంట్లో కూరకు లోటుండదు. హెచ్చరిక రాగానే ముదిరిన కాయలు, బోండాలు దింపించి ఇంట్లో పెట్టుకోండి. చెట్టుకు బరువు తగ్గుతుంది, నీళ్లు కలుషితమైన రోజుల్లో తాగడానికి పనికొస్తాయి.

పొయ్యి, పాక

నలుగురైదుగురున్న ఇంటికి రోజుకు ఐదారు కిలోల కట్టెలు అవుతాయి. పదిహేను రోజులకు క్వింటా లోపే. ఎండు సరుగుడు, తాటి మట్టలు, కొబ్బరి చిప్పలు వేసవిలోనే చీల్చి అటక మీదో, ఎత్తు బల్ల మీదో పెట్టుకుని పాత పట్టా కప్పండి. ఇంటి గోడకు ఆనించి నేల మీద పేర్చవద్దు. వరద నీళ్లకు పాములు చేరేది అక్కడికే. చీకట్లో కట్టె తీయడానికి చేయి పెట్టి కాటు తిన్నవాళ్లు ప్రతి వరదకూ ఉంటారు. ముందు కర్రతో తట్టి, టార్చి వేసి చూసి తీయండి.

గొడ్ల చావిడి కూలితే మళ్లీ నిలబెట్టడానికి పది సరుగుడు వాసాలు, నాలుగు తాటి దుంగలు ముందే కోసి ఉంచుకుంటే మంచిది. తుపాను తర్వాత కర్ర రేటు ఏమవుతుందో మీకే తెలుసు.

కౌలు రైతుల మాట

ఇదంతా సొంత గట్టు ఉన్నవారికి. డెల్టాలో సేద్యం చేసేవారిలో కౌలు రైతులు చాలామంది. యజమాని గట్టు మీద కొబ్బరి పెట్టే హక్కు వారికి ఉండదు, పెట్టినా వచ్చే ఏడు ఆ చేను వారిది కాకపోవచ్చు. వారు ఏడాదిలో ఫలితం ఇచ్చేవాటితో సరిపెట్టుకోవడమే తెలివి. యజమానిని అడిగి గట్టు మీద అవిశ గింజలు చల్లుకోండి, దీనికి సాధారణంగా ఎవరూ కాదనరు. రెండు సెంట్ల ఇంటి స్థలం ఉన్నా ఒక మునగ, నాలుగు అవిశలు, కంచెగా గ్లైరిసీడియా కొమ్మలు పడతాయి. కొబ్బరి లాంటివి పెట్టదలిస్తే కాయ ఎవరిది, చెట్టు ఎవరిది అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి.

గట్టు మొక్కలకు, గుంతలకు ఉపాధి పనుల కింద ఏమైనా వెసులుబాటు ఉందేమో గ్రామ సచివాలయంలో, మొక్కల ఎంపిక గురించి రైతు సేవా కేంద్రంలో అడగండి.

తుపానుల కాలానికి ముందు, తర్వాత

మొక్కలు జులై, ఆగస్టు వానల్లో నాటితే అక్టోబరుకు వేళ్లు పట్టుకుంటాయి. సెప్టెంబరులో పెద్ద చెట్ల కొమ్మలు పలుచన చేయాలి. ఇంటి మీదకు, కరెంటు తీగల మీదకు వాలిన కొమ్మలు తీసేయాలి. తీగల దగ్గర పని విద్యుత్ శాఖ వారికి చెప్పి చేయించండి. నిద్రగన్నేరు, తురాయి లాంటివి పైన గొడుగులా విస్తరిస్తాయి, గాలికి వేళ్లతో లేచిపోతాయి. వాటిని ఇంటికి, చావిడికి చెట్టు ఎత్తు కంటే ఎక్కువ దూరంలోనే ఉంచాలి. పట్టా భూమిలో ఉన్నా కొన్ని జాతులు కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, గొడ్డలి తీసే ముందు కనుక్కోండి. చెట్ల ఫోటోలు ఇప్పుడే తీసి ఫోనులో ఉంచండి. పడిపోయాక ఎన్ని ఉండేవో చెప్పడం కష్టం.

తుపాను తర్వాత ఒరిగిన చిన్న కొబ్బరి మొక్కలను నేల ఇంకా తడిగా ఉండగానే, మూడు నాలుగు రోజుల్లో నిలబెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి, రెండు వైపులా ఊతకర్రలు కట్టాలి. మొవ్వు తిరిగిపోయిన లేదా కుళ్లు వాసన వస్తున్న చెట్లకు కుళ్లిన భాగం తీసేసి 10 శాతం బోర్డో పేస్టు పూయాలి. పక్క చెట్ల మొవ్వులు తడిచేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. విరిగిన మునగ కొమ్మలను పారేయవద్దు. బొటనవేలి కంటే లావున్నవి మీటరు ముక్కలుగా కోసి, ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి, నీళ్లు దిగిన మెరకలో అడుగు లోతున పాతండి. కొత్త కాపు వచ్చేదాకా వాటి చిగురాకే కూరకు వస్తుంది.